తిరగేసిన మేజోడు

పిల్ల పుట్టిన తొమ్మిది నెలల్లో ఆ ఇంట్లో తల్లి పేరు అందరూ మరిచిపోయారు. పేరు పోయి కంగారమ్మ మిగిలింది. ఆ పేరు పెట్టింది ఆడపడుచు. కారణం కూడా చిన్నదేం కాదు. ఒక మధ్యాహ్నం ఈమె కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, పక్కనున్నదానికి ఊపిరి ఆడటం లేదని కేకలు పెట్టి, కొట్లో ఉన్న మొగుణ్ణి పరుగున రప్పించింది. తీరా చూస్తే ఊపిరాడనిది దిండు. పిల్ల అవతలి గదిలో మేనత్త ఒళ్ళో కూచుని రొట్టెముక్క చప్పరిస్తోంది. "దిండుకి ఇప్పుడెలా ఉందమ్మా?" అని ఆడపడుచు నెలరోజుల పాటు అడిగింది.

భర్తది ఫోటోల కొట్టు. పెళ్ళిళ్ళ ఫోటోలు కావు, దరఖాస్తులకు అతికించే బొటనవేలంత మొహాలు. తెల్లగోడ, గోడ ముందు స్టూలు, స్టూలు మీద మనిషి. "నవ్వకండి. గడ్డం పైకి. చెవులు కనపడాలి." పదేళ్ళుగా ఈ మూడు మాటలే చెబుతున్నాడు. రోజుకు యాభై మొహాలు చూసే మనిషికి, మొహం లేని ఫోటో ఒక్కటి తీయాలని కోరిక పుట్టింది. పచ్చటి కొండ, తేయాకు తోట, అందులో అటు తిరిగి నిలబడ్డ ఆడమనిషి, వీపున బుట్ట. అంతే. దాన్ని నిలువెత్తు చేసి కొట్టు అద్దంలో పెట్టాలి. స్నేహితుడి దగ్గర పొడుగు లెన్సు రెండు రోజులకు అడిగి తెచ్చాడు.

"ఆడమనిషి ఎవరండీ?" అంది కంగారమ్మ.

"నువ్వే. ఇంకెవరు?"

"మరి గుమ్మడి?"

గుమ్మడి అంటే పిల్ల. బుగ్గలూ పొట్టా చూసి తండ్రి పెట్టిన ముద్దుపేరు.

"అక్క వస్తుంది. అక్క చూసుకుంటుంది."

కంగారమ్మకు రెండు రాత్రులు నిద్ర లేదు. కొండ మీద చలి. చలికి పిల్లకు పడిశం పట్టవచ్చు, పడిశం దిగి దగ్గు కావచ్చు, దగ్గు వస్తే ఆ కొండ మీద డాక్టరుంటాడో ఉండడో. అయినా వద్దనలేకపోయింది. పిల్ల పుట్టాక ఆమె తన ఫోటో ఒక్కటీ చూసుకోలేదు. ఏ ఫోటోలో చూసినా పిల్లా, పిల్ల కింద రెండు చేతులూ. ఆ చేతులు తనవే కాబోలు అనుకునేది.

బస్సులో నాలుగు గంటల ప్రయాణం. అయిదోసారి ఆమె గుమ్మడి మేజోడులోకి వేలు దూర్చి కాలు వెచ్చగా ఉందో లేదో చూస్తుంటే ఆడపడుచు ఆగలేకపోయింది.

"అదేంటమ్మా, రెండేసి మేజోళ్ళు తొడిగావు?"

"చలి కదా వదినా."

"సరే, చలి. లోపలిది తిరగేసి తొడిగావేం? తెలీక తొడిగావా, తెలిసే తొడిగావా?"

"తెలిసే. కుట్టు లోపలికుంటే వేళ్ళకి గుచ్చుకుంటుంది కదా. అందుకని కుట్టు బయటికి పెట్టి, దాని మీద ఇంకోటి..."

ఆడపడుచు తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే తమ్ముడూ, నీ పెళ్ళాం మేజోడుకి కూడా బెంగ పెట్టుకుందిరా."

అతను కిటికీలోంచి కొండ చూస్తున్నాడు. నవ్వాడు కానీ వినలేదు.

కొండ నిజంగానే చూడాల్సిందే. ఎవరో తీరిగ్గా కూచుని కొండ తలంతా దువ్వి పాయలు తీసినట్టుంది. పాయకూ పాయకూ మధ్య మనిషి పట్టేంత దారి. ఆ దారుల్లో ఆడవాళ్ళు నడుముల దాకా ఆకుల్లో మునిగి, రెండు చేతులా చివుళ్ళు గిల్లి భుజం మీదుగా వెనక్కి విసురుతున్నారు. ఒక్క ఆకూ బుట్ట తప్పి పడటం లేదు. అందరికీ ఒకే గళ్ళ గుడ్డ తలకు, ఒకే నల్ల రబ్బరు గుడ్డ నడుముకు. బుట్ట పట్టీ నుదుటి మీదుగా వేసుకుని, మెడ కాస్త ముందుకు చాచి, ఒకే తీరున వంగి ఉన్నారు. పైనుంచి చూస్తే ఒకే మనిషిని వందసార్లు అచ్చు వేసినట్టుంది.

రోడ్డు మలుపులో ఇనుప కమ్మీల వెనక నిలబడి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. అక్కడే ఒకతను గొడుగు కింద బుట్టలు పేర్చుకుని కూచున్నాడు. తోటవాళ్ళు పాతబడ్డాయని పారేసిన బుట్టలు కొని, ఫోటోలకు అద్దెకిస్తాడు. బుట్టతో పాటు గళ్ళ గుడ్డ, రబ్బరు గుడ్డ.

"అచ్చం తోట మనిషిలా ఉంటారు మేడమ్. మీ అమ్మ చూసినా పోల్చుకోదు," అన్నాడు బుట్టల మనిషి, కంగారమ్మ తలకు గుడ్డ చుడుతూ. ఆ మాట ఆమెకు ఎందుకో నచ్చలేదు.

బుట్ట దూదిపింజలా ఉంది. లోపల స్పాంజి ముక్కలు కుక్కి, పైన ఆకులు అతికించాడు. బుట్ట అడుగున 26 అని వెలిసిపోయిన అంకె, ఒకప్పటి తోట మనిషి నంబరు.

"పాపకి కూడా చిన్న గుడ్డ ఉంది మేడమ్. కడదామా?"

"కట్టు, కట్టు," అంది ఆడపడుచు. "నాక్కూడా ఒకటి కట్టు. నేనూ దిగుతా ఫోటో." అని లావుపాటి కళ్ళజోడు తీసి సంచిలో పడేసింది. కళ్ళజోడుతో తను ఫోటోలో గుడ్లగూబలా ఉంటుందని ఆవిడకు ఎప్పట్నుంచో బెంగ. ఆ సంగతి ఎవరూ అనకూడదు.

తోటలోకి దిగే మెట్లు ముప్ఫై రెండు. కంగారమ్మ లెక్కపెట్టుకుంది. పాయ మొదట్లో దుప్పటి పరిచి ఆడపడుచును కూచోబెట్టింది, ఆవిడ ఒళ్ళో గుమ్మడిని పెట్టింది, మేజోట్లో వేలు పెట్టి చూసింది, పాలసీసా చూపించింది, తుండుగుడ్డ చూపించింది, మళ్ళీ మేజోట్లో వేలు పెట్టింది.

"వెళ్ళమ్మా తల్లీ, వెళ్ళు. నేనేం పిల్లని ఆకనుకుని బుట్టలో వేస్తానా?"

భర్త పైన కమ్మీల దగ్గర పొడుగు లెన్సు పెట్టుకుని నిలబడ్డాడు. చేతులతో సైగలు, మధ్యమధ్య కేకలు.

"ఇంకా లోపలికి! ఇంకా! అటు తిరుగు. ఇప్పుడు వంగు. అలాక్కాదు! బరువున్నట్టు వంగు!"

ఆమె వంగింది.

"నడుం పట్టేసినట్టు వంగావేంటి? బుట్ట నిండుగా ఉందనుకో!"

ఆమె అనుకుంది. ఎంత అనుకున్నా బుట్ట గాలికి ఇటూ అటూ ఊగుతోంది. నుదుటి మీద పట్టీ జారి ముక్కు మీదికొస్తోంది. పక్క పాయలో ఆకు కోస్తున్న ఆవిడ ఒకసారి తలెత్తి చూసి, నవ్వు ఆపుకుని మళ్ళీ పనిలో పడింది. అరగంట గడిచింది. నలభై సార్లు వంగి ఉంటుంది. ఒక్కసారీ అతనికి నచ్చలేదు. మధ్యమధ్య ఆమె వెనక్కి తిరిగి పాయ మొదట్లోకి చూసేది. ఆడపడుచు గళ్ళగుడ్డా, ఒళ్ళో చిన్న గళ్ళగుడ్డా. ఉన్నారు.

ఆఖరిసారి తిరిగి చూసినప్పుడు మాత్రం పాయ మొదలే లేదు.

మంచు మెల్లగా రాలేదు. ఎవరో తెర దించినట్టు కొండ మీంచి దిగింది. ముందు పై రోడ్డు పోయింది, తర్వాత మొగుడు, తర్వాత పది అడుగుల అవతలి చెట్లు. ఎక్కడో కింద సైరను కూత వినపడింది. పొడుగ్గా ఒకటి, మరొకటి, ఇంకొకటి. చుట్టూ సందడి మొదలయింది. ఆకుల మధ్య రబ్బరు బూట్ల చప్పుడు, రబ్బరు గుడ్డలు కొమ్మలకు రాసుకునే చప్పుడు. ఆమెను ఒరుసుకుంటూ ముగ్గురో నలుగురో వడివడిగా పోయారు. ఒకామె పోతూ పోతూ, "నిలబడ్డావేంటి, నడు," అంది. తనని తోట మనిషే అనుకుంది కాబోలు. కంగారమ్మ పైకి చూసింది. మొగుడు చేసిన ఆఖరి సైగ ఏమిటి? ఆగమనా, రమ్మనా? దాన్నే గుర్తు చేసుకుంటూ నిలబడింది. తర్వాత తిట్టుకుంది, సైగ సంగతి తర్వాత, పిల్ల అని.

కొమ్మలు పట్టుకుని తడుముకుంటూ పాయ మొదటికొచ్చేసరికి దుప్పటి కనిపించింది. దుప్పటి మీద ఆడపడుచు, సంచిలో చెయ్యి పెట్టి దేనికోసమో వెతుకుతోంది. పక్కన పాలసీసా, తుండుగుడ్డ.

"వదినా, గుమ్మడేది?"

ఆడపడుచు తలెత్తింది. "ఏంటి?"

"గుమ్మడి ఏది వదినా?"

"నీ దగ్గరుంది కదా."

"నా దగ్గరెక్కడుంది?"

"ఇప్పుడేగా తీసుకెళ్ళావు!" ఆడపడుచు సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. కంగారమ్మ చేతుల వైపు చూసింది. చేతులు ఖాళీ. "కూత వినపడగానే వచ్చావు. చేతులు చాపావు. 'ఇటివ్వు' అన్నావు. ఇచ్చాను."

"నేను రాలేదు వదినా."

"వచ్చావమ్మా! గొంతు కాస్త బొంగురుగా ఉంటే, చలికి పట్టేసింది పాపం అనుకున్నా కూడా. తీసుకోగానే మేజోట్లో వేలు పెట్టి చూశావు. ఇంకెవరు చూస్తారమ్మా అలా? లోకంలో నువ్వు తప్ప!"

కంగారమ్మ తన చేతులు చూసుకుంది. అబద్ధం చెప్పే మనిషి కాదు వదిన. హాస్యమాడుతుంది, దెప్పుతుంది, అంతే. పిల్లకు ముద్ద పెట్టాక గానీ తను తినదు. అలాంటి మనిషి ఇచ్చానంటోంది. తను తీసుకోలేదంటోంది. ఇద్దరిలో దిండుకు ఊపిరాడలేదన్నది ఎవరు?

"తీసుకుని ఎక్కడైనా పెట్టావేమో గుర్తు తెచ్చుకో," అంది ఆడపడుచు, ఈసారి మెత్తగా. ఆ మెత్తదనానికే కంగారమ్మకు గుండె జారింది.

ఎక్కడ పెట్టాను? ఆమె నిజంగానే గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. కూత వినపడింది. నిలబడ్డాను. సైగ గురించి ఆలోచించాను. ఎంతసేపు? కాసేపేనా? ఆ కాసేపట్లో వెళ్ళి, తీసుకుని, ఎక్కడో దించి, మళ్ళీ వచ్చి నిలబడ్డానా? కిందటి వారం ఇంటి తాళంచెవి బియ్యం డబ్బాలో దొరికింది. పెట్టిన గుర్తు ఇప్పటికీ లేదు.

"వదినా, ఒక్కసారి నా బుట్టలో చూడండి."

ఆడపడుచు కాదనలేదు. నవ్వనూ లేదు. లేచి స్పాంజి ముక్కలన్నీ పైకి తీసింది. అడుగు దాకా చూసింది. ఏమీ లేదు.

మెట్లెక్కుతుంటే ముప్ఫై రెండు కాస్తా నలభై ఒకటి అయ్యాయి. పైన కమ్మీల దగ్గర భర్త మంచులోనే మురిసిపోతూ నిలబడి ఉన్నాడు. వీళ్ళను చూడగానే ఎదురొచ్చాడు.

"వచ్చింది! ఫోటో వచ్చింది! మంచు ఒక్క క్షణం విడింది, అప్పుడు దొరికింది చూడు..."

"ఏమండీ, గుమ్మడి కనపట్లేదు."

"కనపడకపోవడమేంటి? నీ చేతిలోనే ఉందిగా." కెమెరా వెనక తెర ఆమె ముందు పెట్టాడు. "ఇదిగో."

తెర మీద పచ్చటి పాయ, చుట్టుముడుతున్న తెల్లటి మంచు. మధ్యలో అటు తిరిగిన ఆడమనిషి. గళ్ళ గుడ్డ, నల్ల రబ్బరు గుడ్డ, వీపున బుట్ట. కుడి చంకలో గుమ్మడి, తలకు చిన్న గళ్ళగుడ్డ. ఆమె ఎడమ చేతి వేలు పిల్ల మేజోట్లో ఉంది. పక్కన దుప్పటి మీద ఆడపడుచు, ఇంకా చేతులు చాచే ఉంది.

"చూశావా, నేను చెప్పలా?" అంది ఆడపడుచు. "ఇచ్చాను కదా!"

"ఇచ్చావక్కా. స్పష్టంగా ఇచ్చావు. ఇదిగో తీసుకుంది." అతను భార్య వైపు తిరిగాడు. గొంతులో గాబరా అప్పుడే మొదలయింది. "తీసుకుని ఎక్కడ దించావు? ఆలోచించు. తొందరేం లేదు, ఆలోచించు. ఏ పాయలో దించావు?"

కంగారమ్మ తెర వంకే చూస్తోంది. తనే. వీపు తనది. గుడ్డ తనది. వేలు తనది. ఫోటో అబద్ధం చెప్పదని మొగుడు పదేళ్ళుగా అందరికీ చెబుతుంటాడు. మరి తన లోపల ఆ నిమిషం ఎందుకు లేదు? మనిషికి మతి పోతే పోయినట్టు తెలుస్తుందా, తెలియదా? తెలియకపోతే ఇంట్లో రోజూ పిల్లను ఎత్తుకునేది ఎవరు?

"ఎంత బాగా వంగావసలు," అన్నాడు అతను, ఏం మాట్లాడాలో తెలియక. "అరగంట నుంచి అరిచి అరిచి చచ్చాను. ఆఖరికి వంగావు. అచ్చం బరువున్నట్టు..."

కంగారమ్మ కెమెరా లాక్కుంది.

బుట్ట ఊగటం లేదు. నడుముకు అతుక్కుని కిందికి లాగుతోంది. నుదుటి పట్టీ గళ్ళగుడ్డలోకి దిగబడి, గుడ్డ రెండు మడతలు పడింది. మెడ నరాలు బిగిసి ఉన్నాయి. పక్కన పిల్ల, వెనక బుట్ట, రెండు బరువులూ తూగేలా నడుం ఒక్క వైపుకు ఒరిగింది.

"ఇది నేను కాదండీ."

"మరెవరు?"

"నాకు వంగడం రాలేదు. నలభైసార్లు చెప్పారు, ఒక్కసారీ రాలేదు. మీరే అన్నారు. నా బుట్టలో స్పాంజి ఉంది, ఇందులో ఆకుంది. ఇది నిండు బుట్ట. ఈవిడెవరో నిజం మనిషి!"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడపడుచు చెయ్యి నోటికి పోయింది. "అయ్యో! మరి నేనెవరికిచ్చానే అమ్మా!"

గొడుగు కింద బుట్టల మనిషి ఇదంతా వింటూనే ఉన్నాడు. కంగారమ్మ అతని ముందు నిలబడింది. "మంచు పడ్డాక నిండు బుట్టలు ఎక్కడికి పోతాయి?"

"తూకానికి మేడమ్. కింద షెడ్డుకి."

"పిల్లనెత్తుకుంటే?"

"పిల్లయితే పిల్లల గదికి. మూడు కూతలు వేస్తే అంతే కదా. పాయ మొదట్లో ఏ పిల్ల ఉంటే ఆ పిల్లని, ముందు చేరినావిడ ఎత్తుకెళ్ళి గదిలో దించుతుంది. ఎవరి పిల్లా అని అడగరు. మంచులో అడుగుతూ కూచుంటే ఇంకో పిల్ల మిగిలిపోతుంది."

"ముందే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు భర్త.

"పిల్ల పోయిందని మీరు అడిగితే చెప్పేవాణ్ణి సార్. మీరు ఎవరు తీసుకున్నారని కొట్లాడుకుంటున్నారు. అది ఇంటి గొడవ, మధ్యలో నాకెందుకనుకున్నా."

అతనే దారి చూపించాడు. మంచులో తోటవాళ్ళు నడిచే పద్ధతి ఒకటే, ముందున్న వాళ్ళ బుట్ట పట్టుకుని వెనకవాళ్ళు. అతని వీపున ఒక బుట్ట, దాన్ని పట్టుకుని కంగారమ్మ, ఆమె బుట్ట పట్టుకుని భర్త, అతని చొక్కా పట్టుకుని ఆడపడుచు. షెడ్డు ముందు నిండు బుట్టలు వరుసగా తూకానికి నిలబడ్డాయి. అందరూ వంగే ఉన్నారు. ఆ వరుసలో తన పిల్లనెత్తుకున్నది ఎవరు? వీళ్ళలో ఎవరైనా కావచ్చు. కంగారమ్మ ఒక్కొక్క వీపే చూస్తూ దాటింది. ఏ వీపూ ఏమీ చెప్పలేదు.

పిల్లల గది పొడుగాటి రేకుల గది. తలుపు రెండు ముక్కలు, కింది సగం మూసి గొళ్ళెం పెట్టి ఉంది. లోపల నడుమ ఇనుప పొయ్యి, దాని చుట్టూ కంచె. గోడవారన పాత టీ పెట్టెలు, లోపల బొంతలు పరిచి. ఒక్కో పెట్టెలో ఒక్కో పిల్ల. కొందరు నిద్ర, కొందరు ఏడుపు. తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూచున్న పెద్దావిడ ఒళ్ళో పెట్టుకుని చెంచాతో గంజి పోస్తున్న పిల్ల గుమ్మడి!

"గుమ్మడీ!"

గుమ్మడి చూసింది. గళ్ళగుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి. ఇందాకట్నుంచి ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూసిందో. మళ్ళీ చెంచా వైపు తిరిగి నోరు తెరిచింది.

కంగారమ్మ గొళ్ళెం తీయబోయింది, పెద్దావిడ చెయ్యి ముందే దాని మీద పడింది.

"బుట్ట తిప్పు," అంది పెద్దావిడ. కంగారమ్మ తిరిగి, బుట్ట అడుగు కనపడేలా వంగింది. "ఇరవై ఆరా? ఇరవై ఆరు ఇందాకే వచ్చి తన పిల్లాణ్ణి తీసుకుపోయింది. నిన్నీ తోటలో నేనెప్పుడూ చూళ్ళేదే అమ్మాయ్. ఎవరు నువ్వు?"

"ఆ పిల్ల తల్లినమ్మా."

"తల్లయితే పిల్ల చూడగానే ఎగబడాలి కదా. ఇది చూసి కూడా మళ్ళీ చెంచాకే నోరు తెరిచింది."

"నేను తండ్రిని!" అని ముందుకొచ్చాడు భర్త.

"తండ్రులకివ్వం. ఇక్కడ తండ్రులకి నంబరు లేదు."

"రుజువుంది నా దగ్గర. ఫోటో!" కెమెరా తెర చూపించాడు. పెద్దావిడ కళ్ళు చికిలించి చూసింది.

"ఇందులో పిల్లనెత్తుకుంది మా తోట మనిషే కదయ్యా. దీని లెక్కన పిల్ల మాదే."

భర్త ఫోటో వంకా పిల్ల వంకా చూశాడు. ఆడపడుచు, "నేను మేనత్తని, నేనే ఇచ్చాను," అంది.

"ఎవరికిచ్చావు?"

"అదే తెలీదు."

"బాగుంది," అంది పెద్దావిడ.

కంగారమ్మ బుట్ట దించింది. రబ్బరు గుడ్డ విప్పింది. తలకు కట్టిన గుడ్డ లాగేసింది. జుట్టు చెదిరి మొహం మీద పడింది. గుమ్మడి మళ్ళీ చూసింది. చూస్తూనే గంజి మింగింది. కనుబొమలు ముడిచింది, ఎక్కడో చూసిన మొహమే అన్నట్టు. అంతకు మించి ఏమీ చేయలేదు.

"ఒళ్ళు చూడకుండా చెప్పు," అంది పెద్దావిడ. గొంతులో కోపం లేదు. కానీ గొళ్ళెం మీంచి చెయ్యి తీయలేదు. "బయటి నుంచి కనపడనిది ఏదైనా ఒకటి చెప్పు. కిందటేడు ఇలాగే ఒకావిడ మంచులో తొందరపడి, పొరపాటున పక్కవాళ్ళ పిల్లని ఇంటిదాకా తీసుకుపోయింది. అప్పట్నుంచి అడక్కుండా ఇవ్వను."

కనపడనిది ఒకటా! కంగారమ్మ దగ్గర వంద ఉన్నాయి. తొమ్మిది నెలలుగా ఆమె చేసిన పని అదే, కనపడని వాటికి భయపడటం. అన్నీ ఒక్కసారిగా నోటికి అడ్డం పడ్డాయి.

"కింద రెండు పళ్ళు, మూడోది ఇంకా పైకి రాలేదు కానీ గట్టిగా తగులుతుంది. ఎడమ చెవి వెనక దద్దురు, నిన్నటిది. అది దోమో చీమో తెలీలేదు. మేజోళ్ళు... మేజోళ్ళు రెండేసి ఉంటాయి. పైది పసుపు, లోపలిది తెలుపు. లోపలిది తిరగేసి ఉంటుంది, కుట్టు బయటికి."

పెద్దావిడ చెంచా పక్కన పెట్టింది. గుమ్మడి కాలు పట్టుకుని పసుపు మేజోడు మెల్లగా లాగింది. లోపల తెల్లది. వేళ్ళ దగ్గర కుట్టు బయటికి తేలి ఉంది. బొటనవేలితో దాన్ని తడిమి చూసింది.

"ఎందుకు తిరగేశావు?"

"కుట్టు గుచ్చుకుంటుందని."

ఆడపడుచు కళ్ళజోడు సర్దుకుని మేజోడు వైపు వంగింది.

పెద్దావిడ మేజోడు మళ్ళీ తొడిగింది. గొళ్ళెం తీసింది. "ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని చూస్తున్నా. కుట్టు గురించి ఆలోచించినదాన్ని ఇదే చూడటం. పట్టుకో."

చేతుల్లోకి రాగానే గుమ్మడి అలవాటు ప్రకారం తల్లి చెవి పట్టుకుంది. పట్టుకుని, అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, ఇంతసేపూ ఎక్కడికి పోయావన్నట్టు ఒక్కసారిగా గుక్కపట్టింది. ఆ ఏడుపుకు పెట్టెల్లో నిద్రపోతున్న పిల్లలందరూ లేచారు. కంగారమ్మ గుమ్మం పక్కనే చతికిలబడి పాలిచ్చింది. ఇస్తూ మేజోట్లో వేలు పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. ఎవరో మధ్యలో చూసి, వెచ్చగా ఉంచే పంపారు.

"అమ్మా, దీన్ని తెచ్చినావిడ ఎవరు?"

"ఎవరని చెప్పను? మంచులో నేనూ మొహాలు చూడను. పిల్లల్ని చూసుకుంటాను."

మంచు విడిచింది. ఒక్క కూత వినపడింది. తూకం అయిపోయినవాళ్ళు ఖాళీ బుట్టలతో మళ్ళీ పైకెక్కుతున్నారు. ఇప్పుడు వాళ్ళ బుట్టలూ కంగారమ్మ బుట్టలాగే ఊగుతున్నాయి. ఇందాక పక్క పాయలో నవ్వు ఆపుకున్నావిడ వీళ్ళను చూసి తలూపింది. ఆవిడేనా? లేక ఊరికే తలూపిందా? కంగారమ్మ కూడా తలూపింది, ఆవిడే అయితే ఆవిడకే అన్నట్టు. తర్వాత వచ్చినావిడకూ ఊపింది. ఆ తర్వాతావిడకూ.

ఫోటో మాత్రం నిలువెత్తుగా తయారై కొట్టు అద్దంలోకి వచ్చింది. అంత మంచి ఫోటో తీసి పారేయడానికి అతనికి చేతులు రాలేదు. మొదట్లో అడిగినవాళ్ళకు, "అది మా ఆవిడ కాదండీ, పిల్ల మాత్రం మాదే," అని మొదలుపెట్టేవాడు. విన్నవాళ్ళు అదోలా చూసేవాళ్ళు. నాలుగు రోజులకు ఆ ఓపిక పోయి, "ఆఁ, మా ఆవిడే," అనడం మొదలుపెట్టాడు. ఇరుగుపొరుగు కంగారమ్మను ఆపి మరీ మెచ్చుకునేవాళ్ళు. "ఎంత సహజంగా ఉన్నావమ్మా! నిజంగా ఆకు కోసేదానిలాగే!" ఆమె అవునో కాదో తేలకుండా నవ్వేది. ఆడపడుచు దిండు సంగతి వదిలేసింది. ఇప్పుడు పిల్లను ఎత్తుకోబోతే తలుపు సగం మూసి, "ఏ నంబరమ్మా?" అంటుంది. అని, తనే ముందు కంగారమ్మ మొహంలోకి కళ్ళజోడుతో ఒకసారి పరకాయించి చూసి మరీ ఇస్తుంది.

ఒక సాయంత్రం కంగారమ్మ పిల్లను చంకనేసుకుని కొట్టు ముందుకొచ్చింది. లోపల అతను ఎవరికో చెబుతున్నాడు, "గడ్డం పైకి, చెవులు కనపడాలి." గుమ్మడి వేలు చాచి అద్దానికి ఆనించింది. ఇన్నాళ్ళూ గాలీ ఉమ్మీ తప్ప ఏమీ పలకని నోటితో, "మ్మ," అంది. మళ్ళీ అంది. "అమ్మ."

కంగారమ్మ అద్దంలోకి చూసింది. అద్దం వెనక వంగిన వీపు, నిండు బుట్ట. అద్దం మీద, ఆ వీపు పైనే, పొద్దుగూకే వెలుతుర్లో తన మొహం నీడ. పిల్ల వేలు సరిగ్గా రెండూ కలిసిన చోట ఉంది.

"ఎవర్నే?" అంది కంగారమ్మ.

గుమ్మడి అద్దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసింది. లోపల్నుంచి, "నవ్వకండి," అని వినపడింది.

కంగారమ్మ నవ్వలేదు. చంకలో బరువు ఒక పక్కకు లాగుతుంటే నడుం దానంతటదే రెండో వైపుకు ఒరిగింది.